గ్యాస్ గీజరు: అమరిక, తొలి పరీక్ష, సర్దుబాటు

నగరములలోని ఇరుకైన ఇండ్లలో గ్యాస్ గీజరు నేడు సామాన్యమైన వస్తువు. నీటిని క్షణాలలో కాచు ఈ పరికరమే, అమరికలో లోపమున్నచో, ప్రాణాంతకము కాగలదు. మూసిన గదిలో ప్రాణవాయువు తగ్గినకొలది గ్యాసు సరిగా మండక కార్బన్ మోనాక్సైడ్ పుట్టును. దానికి రంగు లేదు, వాసన లేదు. సిలిండరు గ్యాసు కారినప్పటి ఘాటు వాసన దీనికి ఉండదు. కావున ముక్కును నమ్మరాదు.

అమరిక: గీజరును, సిలిండరును స్నానపు గది వెలుపల, గాలి ధారాళముగా ఆడు చోట ఉంచి, వేడినీటి గొట్టమును మాత్రమే లోపలికి తీసికొనవలెను. సిలిండరు గ్యాసుకై చేసిన గీజరును పైపు గ్యాసుకు కలుపరాదు. రెండింటి పీడనము వేరు, నాజిల్ రంధ్రము వేరు.

తొలి పరీక్ష: శిక్షణ పొందిన మెకానిక్ చేతనే బిగింపించి, అతుకులన్నింటికి సబ్బునీరు పూయించవలెను. బుడగలు లేచినచో గ్యాసు కారుచున్నట్లే. అగ్గిపుల్లతో ఎన్నడును పరీక్షింపరాదు. పిమ్మట కొళాయి తిప్పగానే మంట అంటుకొనవలెను, కట్టగానే ఆరవలెను.

సర్దుబాటు: నీటి నాబ్‌ను, గ్యాసు నాబ్‌ను కొద్దికొద్దిగా తిప్పి తగిన వేడిమిని కుదుర్చుకొనవలెను. నీటి ప్రవాహము పెరిగినచో వేడి తగ్గును. మంట నీలముగా, నిలకడగా ఉండవలెను. పసుపు మంట గాని మసి గాని కనిపించినచో వాడుక ఆపి, బర్నరును శుభ్రము చేయించవలెను.

ఆపద వేళ: స్నానము చేయుచుండగా తలనొప్పి, తల తిరుగుట, వికారము కలిగినచో వెంటనే వెలుపలికి రావలెను. స్పృహ తప్పినవారిని ఆరుబయటికి చేర్చి 108కు, సిలిండరు గ్యాసు కారినచో 1906కు ఫోను చేయవలెను.

అద్దె ఇంట చేరుటకు ముందే గీజరు ఎక్కడ ఉన్నదో చూడుడు. స్నానపు గదిలోనే ఉన్నచో, దానిని వెలుపలికి మార్పించుమని యజమానిని కోరుడు; మార్చువరకు వాడకుడు.