పాఠం ఘాట్ రోడ్డెక్కాలంటే

ప్రభుత్వ డిగ్రీ కాలేజీల్లో పాఠాలు చెప్పి రిటైరయ్యాక సున్నిపెంటలో ఉంటున్నాను. నంద్యాల, ఆళ్లగడ్డ వైపు నుంచి వచ్చే కొత్త లెక్చరర్లు ఒకటే అడుగుతుంటారు: "సార్, మన కాలేజీలన్నీ కలిసి ఆన్‌లైన్ క్లాసులు నడపాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?" వాళ్లకు చెప్పేవే ఇక్కడ రాస్తున్నాను.

1. ముందు పిల్లలు ఎక్కడ కూర్చుని వింటారో చూడండి.

సున్నిపెంట శ్రీశైలం డ్యామ్ పనుల కోసం వెలసిన కాలనీ. చుట్టూ నల్లమల, పులుల అభయారణ్యం. దోర్నాల ఘాట్ రోడ్డు రాత్రి తొమ్మిదికి మూస్తే మళ్లీ పొద్దున ఆరుకే తెరుస్తారు. అడవి లోపలి చెంచుగూడేలకు సిగ్నల్ సరిగా అందదు. ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ నాన్న జేబులో పనికి పోతుంది. అందుకే ఆన్‌లైన్ పాఠం అంటే ఇంట్లో వినే పాఠం అనుకోవద్దు. కాలేజీలో ఒక గది, ఒక తెర, పాఠాలు ముందే దించి పెట్టుకున్న ఒక కంప్యూటర్ ఉండాలి. క్లాసులయ్యాక కూడా ఆ గది తాళం తీసి పక్కన కూర్చునే మనిషి ఉండాలి. ఆ మనిషి లేని చోట తెర దుమ్ము పట్టడం చూశాను.

2. ఈ పని మన దగ్గర ఒకసారి జరిగింది. దాన్ని చదవండి.

1982లో దేశంలోనే తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం మన తెలుగు నేల మీద పుట్టింది. అదీ ఇదే కృష్ణమ్మ ఒడ్డున, మరో ప్రాజెక్టు ఊరు నాగార్జునసాగర్‌లో. తొలి ఉపకులపతి జి. రామిరెడ్డి గారు. మూడేళ్లకే ఢిల్లీలో ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయం పెట్టినప్పుడు దానికీ ఆయన్నే తొలి ఉపకులపతిగా తీసుకున్నారు. 1991లో మనదానికి అంబేద్కర్ పేరు పెట్టారు.

ఆ విశ్వవిద్యాలయం ఊరూరా భవనాలు కట్టుకోలేదు. అప్పటికే ఉన్న కాలేజీల్లోనే స్టడీ సెంటర్లు తెరిచింది. సెలవు రోజున ఆ కాలేజీ గదులే, ఆ కాలేజీ లెక్చరర్లే. పాఠాలను ఒక్కరు కాక పలు విశ్వవిద్యాలయాల ఆచార్యులు కలిసి రాశారు, ఒకరు రాసింది మరొకరు దిద్దారు, తెలుగులో అచ్చేశారు. రేడియోలో కూడా పాఠాలు వచ్చేవి. ఇంటర్ తప్పినవాళ్లూ, అసలు బడికే పోనివాళ్లూ అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరారు. గ్రూప్స్ పరీక్షలకు కూర్చునే పిల్లలు ఈనాటికీ ఆ పుస్తకాలే వెతుక్కుంటున్నారంటే రాసినవాళ్లు ఎంత శ్రద్ధ పెట్టారో అర్థం చేసుకోవచ్చు. ఇంటర్నెట్ లేని రోజుల్లో కాలేజీల మధ్య సహకారం అంటే అది. తీగలూ తెరలూ తర్వాత వచ్చాయి.

3. కెమెరా కొనక ముందు టైంటేబుల్ కలపండి.

'మన టీవీ' ఛానెల్ రోజుల్లో హైదరాబాద్ నుంచి ఉపగ్రహం ద్వారా పాఠాలు వచ్చేవి. చెప్పేవాళ్లు మంచివాళ్లే. కానీ అక్కడ పాఠం మొదలయ్యే వేళకు ఇక్కడ ల్యాబ్ నడుస్తుండేది, లేదంటే భోజనాల గంట కొట్టేవాళ్లు. ఒక యూనివర్సిటీలో మొదటి యూనిట్‌గా ఉన్నది ఇంకో చోట నాలుగోది. ఇప్పుడు ఉన్నత విద్యామండలి రాష్ట్రమంతటికీ ఉమ్మడి సిలబస్ చట్రం ఇచ్చింది కాబట్టి ఆ సగం కష్టం తీరింది. మిగతా సగం ప్రిన్సిపాళ్లు ఒక బల్ల చుట్టూ కూర్చుంటే తీరుతుంది. వారంలో రెండు పీరియడ్లు, నంద్యాల, ఆళ్లగడ్డ, సున్నిపెంట మూడు కాలేజీల్లోనూ ఒకే వేళకు. అంతకంటే పెద్దగా మొదలుపెట్టొద్దు.

4. ఒకే పాఠాన్ని పదిమంది రికార్డు చేయొద్దు.

2020లో కరోనాకు కాలేజీలు మూసినప్పుడు ఎవరి ఫోనులో వాళ్లం అవే పాఠాలు చెప్పుకున్నాం. తర్వాత కళాశాల విద్యాశాఖ ప్రభుత్వ కాలేజీల లెక్చరర్ల చేత పాఠాలు చేయించి ఒకే వేదిక మీద పెట్టింది. వీడియో, రాతపాఠం, ప్రశ్నలు, చర్చ, అన్నీ ఒక్కచోట. సరైన పద్ధతి అదే. 2003లో ఏడు ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్సీ కలిసి ఎన్‌పీటెల్‌ అనే ఆన్‌లైన్ పాఠాల పథకం మొదలుపెట్టినప్పుడూ కోర్సులు పంచుకునే చేశాయి.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెబుతాను. 2021 నుంచి మన డిగ్రీలన్నీ ఇంగ్లిష్ మీడియంలోకి మారాయి. తెలుగు మీడియంలో ఇంటర్ చదివి వచ్చిన పిల్లకు ఇంగ్లిష్ వీడియో ఎన్నిసార్లు తిప్పి చూపినా చిక్కుముడి విడదు. ప్రతి పాఠానికీ పది నిమిషాల తెలుగు వివరణ జోడించండి. అది కొత్తగా చేయాల్సిన పని, మూడు కాలేజీలూ పంచుకోవాల్సిన పని.

5. మార్కులు రాని పాఠాన్ని పిల్లలు రెండోసారి తెరవరు.

అది వాళ్ల తప్పు కాదు. కేంద్రం నడిపే 'స్వయం' ఆన్‌లైన్ కోర్సుల క్రెడిట్లను 20 శాతం వరకు కలుపుకోవచ్చని యూజీసీ 2016లో అంది, 2021లో దాన్ని 40కి పెంచింది. మీ యూనివర్సిటీ ఏ కోర్సుకు క్రెడిట్ ఇస్తుందో జూన్‌లోనే కాగితం మీద తీసుకుని నోటీసు బోర్డులో పెట్టండి.

6. చిన్న కాలేజీని వినేదానిగానే ఉంచొద్దు.

నేను అన్నిటికంటే ఎక్కువగా పట్టుబట్టేది దీనికే. నంద్యాల చెబుతుంది, సున్నిపెంట వింటుంది అనే ఏర్పాటు రెండేళ్లు దాటదు. ఒకసారి ఇక్కడి లెక్చరర్ పోస్టు ఖాళీ అయితే, "ఆన్‌లైన్‌లో ఉందిగా" అని నింపడం మానేస్తారు. ఉమ్మడి తరగతులు ఖాళీలకు సాకు కాకూడదని మొదటి ఒప్పందంలోనే రాయించండి.

పైగా మా దగ్గర చెప్పడానికి లేకనా? జలవిద్యుత్తు గురించి చెప్పాలంటే డ్యామ్‌కు కుడివైపు ఏడు, ఎడమవైపు ఆరు యూనిట్లు కళ్లెదుట ఉన్నాయి. పర్యావరణ పాఠానికి నల్లమల ఉంది, చెంచుల తేనె సేకరణ ఉంది. ఆళ్లగడ్డలో తరాలుగా రాతిని చెక్కుతున్న శిల్పులున్నారు, చరిత్ర లెక్చరర్ వాళ్ల పనిచోటు నుంచే పాఠం చెప్పొచ్చు. నంద్యాలలో వందేళ్లు దాటిన వ్యవసాయ పరిశోధనా స్థానం ఉంది. ఎవరి దగ్గర ఉన్నది వాళ్లు చెప్పాలి.

7. ప్రాక్టికల్స్ తెర మీద కావు.

టైట్రేషన్‌లో చేయి తిరగాలంటే బ్యూరెట్ పట్టుకోవాలి. సెమిస్టర్‌కు ఒక వారం మా పిల్లలను నంద్యాల ల్యాబ్‌కు పంపే ఏర్పాటు చేయండి. ఆడపిల్లలకు హాస్టల్లో గదులు, తోడుగా ఒక మేడమ్, రానుపోను బస్సు ఖర్చు, ఇవి ముందే తేల్చండి. బస్సు వేళలు మాత్రం ఘాట్ గేటు చూసి వేయండి. చివరి బస్సు తొమ్మిదిలోపు దోర్నాల దాటాలి.