కణవిభజన ముగింపు – ఈస్ట్‌లో ఫాస్ఫటేజ్ ఎంజైముల పాత్ర

రొట్టెల పిండిని పొంగించే ఈస్ట్ ఏకకణ శిలీంధ్రము. తల్లికణం ప్రక్కన ఒక మొగ్గ తొడిగి, పెరిగి, పిల్లకణమై వేరుపడుతుంది. అనుకూల పరిస్థితులలో ఈ చక్రం సుమారు 90 నిమిషాలలో పూర్తవుతుంది. విభజన ఎట్లు ఆరంభమవుతుందో మన విద్యార్థులు చక్కగా చెప్పగలరు. ఎట్లు ముగుస్తుందని అడిగినచో, “ఆరంభించిన శక్తి తగ్గగానే అదే ముగుస్తుంది” అంటారు. ఈ సమాధానం సగమే సత్యమని వివరించుటయే మా ఉద్దేశము.

కణాన్ని విభజనకు పురికొల్పేది సైక్లిన్‌తో జతకూడిన కైనేజ్ అనే ఎంజైమ్. ఇది వందలాది ప్రోటీన్లకు ఫాస్ఫేట్ ముద్రలు వేస్తుంది. ముద్ర పడిన ప్రోటీన్లు తమ నడవడి మార్చుకొని, క్రోమోసోముల పంపకానికి పూనుకుంటాయి. పంపకం జరిగే వేళకు సైక్లిన్ నశించుట మొదలై, కైనేజ్ బలహీనపడుతుంది. కాని ముద్రవేసే చేయి ఆగినంతమాత్రాన వేసిన ముద్రలు చెరిగిపోవు. వాటిని తొలగించే ఎంజైములే ఫాస్ఫటేజ్‌లు.

ఈ సత్యానికి దారి చూపినవి లోపమున్న కణాలే. 1970 దశకారంభంలో అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో లీలాండ్ హార్ట్‌వెల్, ఆయన సహచరులు, వేడిమి పెంచినప్పుడు విభజన నడుమనే నిలిచిపోయే ఈస్ట్ ఉత్పరివర్తకాలను సేకరించినారు. ఈ కృషికి హార్ట్‌వెల్ 2001లో పాల్ నర్స్, టిమ్ హంట్‌లతో కలిసి నోబెల్ బహుమతి నందుకొన్నారు. ఆ ఉత్పరివర్తకాలలో సిడిసి14 జన్యువు చెడినవి విచిత్రంగా కనిపించినవి. క్రోమోసోములు రెండు ప్రక్కలకు చేరినవి. అయినను వాటిని లాగిన తంతువుల కట్ట, అనగా కండె, విడిపోలేదు. తల్లీపిల్లలు వేరుపడలేదు. పని అంతా జరిగినది, ముగింపు మాత్రం లేదు.

సిడిసి14 ఒక ఫాస్ఫటేజ్. కైనేజ్ వేసిన ముద్రలను ఇది తొలగించి విభజనను ముగిస్తుందని 1998లో ఆంజెలికా ఏమన్ బృందం నిరూపించినది. ముద్ర తొలగిన సిడిహెచ్1 మిగిలిన సైక్లిన్‌ను నాశనం చేయిస్తుంది. ముద్ర తొలగిన స్వి5 కేంద్రకంలోనికి ప్రవేశించి, సిక్1 అనే ప్రోటీన్‌ను తయారు చేయిస్తుంది. సిక్1 కైనేజ్‌ను అణచివేస్తుంది. అనగా ఈ ఫాస్ఫటేజ్ పాత ముద్రలు చెరుపుటయే గాక, క్రొత్తవి పడకుండా కూడ చూస్తున్నది.

ఇంతటి శక్తి వేళగాని వేళ విజృంభిస్తే ప్రమాదము. అందుచేత కణచక్రంలో అధికభాగం సిడిసి14 కేంద్రకాంశంలో, నెట్1 అనే ప్రోటీన్ చెరలో ఉంటుందని 1999లో తేలినది. ఈ చెరను కాపాడేది పిపి2ఎ అనే మరొక ఫాస్ఫటేజ్. అది నెట్1పై ముద్రలు నిలువనీయదు. క్రోమోసోముల బంధం తెంచే సెపరేజ్ పిపి2ఎను అదుపుచేయగా, నెట్1పై ముద్రలు పడి, చెర కొంత సడలుతుంది. పూర్తి విడుదలకు మరొక అనుమతి కావలెను. కండె ఒక కొన మొగ్గలోనికి చేరిన తరువాతనే టెమ్1 అనే ప్రోటీన్ మేల్కొని ఆ అనుమతినిస్తుంది. ఈ కాపలా లేనిచో ఒక కణానికి రెండు కేంద్రకాలు దక్కి, రెండవది కేంద్రకమే లేక మిగిలిపోగలదు.

ఈస్ట్‌లో చూచినదంతా మానవునికి యథాతథంగా అన్వయించరాదు. మన కణాలలో ఈ బాధ్యతను ప్రధానంగా వహించేవి పిపి1, పిపి2ఎ కుటుంబాల ఫాస్ఫటేజ్‌లు. పాత్రధారులు మారినను సూత్రం మారలేదు: వేసిన ముద్రను వేళకు, వరుసక్రమంలో తొలగించవలెను.

మేము తెలుగు బోధించేవారము గనుక ఒక పోలికతో ముగిస్తాము. “వచ్చి, చూచి, వ్రాసి” అని అసమాపక క్రియలు ఎన్ని పేర్చినను వాక్యం పూర్తికాదు. సమాపక క్రియ వచ్చినప్పుడే అర్థం నిలుస్తుంది. సిడిసి14 చెడిన కణం అట్టి అసంపూర్ణ వాక్యమే. ముగింపు అలసటవలన వచ్చేది కాదు, అదియును ఒక కార్యమేనని మా విద్యార్థులు గ్రహింతురుగాక!