అమృతాంజనం

కృష్ణా జిల్లా ఎలకుర్రులో జన్మించిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు (1867–1938) దేశభక్తులుగా, పత్రికాధిపతిగా మనకు సుపరిచితులు. వాణిజ్యంలోనూ ఆయన ప్రతిభ అసామాన్యమైనది. 1893లో బొంబాయిలో తలనొప్పికి ఒక లేపనాన్ని రూపొందించి 'అమృతాంజనం' అని నామకరణం చేశారు.

ఆ పేరును పరిశీలించండి. అమృతము, అంజనము అనే పదాలు సవర్ణదీర్ఘ సంధితో కలిశాయి. అంజనమంటే కాటుక, దాచిన నిధులను చూపే మంత్రలేపం కూడా. (నిజానికి ఇది కంటికి కాదు, నుదుటికి రాసుకొనేది. పేరులో కొంత కవిత్వమున్నది.) రెండూ సంస్కృత పదాలు కావడంతో పలు భాషలవారికి అవి పరిచితాలే. నేటి వ్యాపారులు 'బ్రాండ్' అనేది ఇటువంటి పేరునే.

అయితే పేరు విన్నంతనే ఎవరూ కొత్త మందును కొనరు. అందుచేత పంతులుగారు సంగీత సభలలో దానిని ఉచితంగా పంచిపెట్టించారు. ఈ ఉపాయం చాలా నిశితమైనది. గంటలకొద్దీ సాగే కచేరీలో తలనొప్పి గల శ్రోత ఒక్కడైనా ఉండకపోడు. అతడు నుదుట రాసుకొంటే ఆ ఘాటు పక్కవారికీ సోకుతుంది. ప్రకటన చెప్పవలసిన మాటను ఉపశమనం పొందినవాడే చెబుతాడు. మందులో గుణం లేకుంటే అదే సభలో అపకీర్తి కూడా అంత వేగంగానూ పాకుతుంది. మనుచరిత్రలో ప్రవరుని పాదలేపం మంచుకు కరిగి అతనిని హిమాలయంలో నిలిపివేసింది కదా! అమృతాంజనం ఆ పరీక్షకు నిలిచింది.

ఈ వ్యాపారంలో వచ్చిన ధనమే ఆయన పత్రికలకు ఆధారమయింది. ఆంధ్రపత్రిక 1908లో బొంబాయిలో వారపత్రికగా వెలువడి, 1914లో మద్రాసు నుండి దినపత్రిక అయింది. 1924లో సాహిత్య మాసపత్రిక 'భారతి' ప్రారంభమయింది.