ఆఫీస్ టెక్ ఆర్టికల్‌ని గిట్‌తో పంపడం ఎలా? పుష్ చేసేముందు ఇవి చూసుకోండి

మీ కంపెనీ ఇంజనీరింగ్ టీమ్ తన సైట్‌లో ఆర్టికల్స్ పబ్లిష్ చేస్తుంటుందా? "యాప్ స్పీడ్ పెంచారు కదా, దాని మీద ఒకటి రాసివ్వండి" అని మేనేజర్ అడిగారు, మీరు వర్డ్ ఫైల్ మెయిల్ చేశారు, "రిపోలో పుల్ రిక్వెస్ట్ పెట్టండి" అని జవాబొచ్చింది. ఇప్పుడు చాలా టీముల్లో పద్ధతి ఇదే. కోడ్ రాసేవాళ్లకి ఇది రోజూ చేసే పనే. టెస్టింగ్, డిజైన్, సపోర్ట్‌లో ఉన్నవాళ్లకే ఇక్కడ బ్రేక్ పడుతుంది.

గిట్ అనేది 2005లో లినస్ టోర్వాల్డ్స్ లినక్స్ కెర్నల్ పని కోసం తయారుచేసిన వెర్షన్ కంట్రోల్ టూల్. ఏ లైన్ ఎవరు, ఎప్పుడు మార్చారో మొత్తం గుర్తుపెట్టుకుంటుంది. ఆర్టికల్‌ని మార్క్‌డౌన్ అనే మామూలు టెక్స్ట్ ఫైల్‌గా రాస్తే, కోడ్‌కి జరిగినట్టే దానికీ రివ్యూ జరుగుతుంది. "ఫైనల్ 2", "ఫైనల్ 2 కొత్తది" లాంటి ఫైళ్ల గోల ఉండదు.

పని వరుస చిన్నదే. రిపోని క్లోన్ చేసుకోండి, మీ పేరుతో కొత్త బ్రాంచ్ తీయండి, ఫైల్ రాయండి, యాడ్, కమిట్, పుష్, ఆపై పుల్ రిక్వెస్ట్. కమాండ్లు భయం అనిపిస్తే, గిట్‌హబ్‌లో రిపో పేజీ తెరిచి కీబోర్డ్ మీద చుక్క కీ నొక్కండి. వీఎస్ కోడ్ లాంటి ఎడిటర్ బ్రౌజర్‌లోనే ఓపెన్ అవుతుంది, ఏమీ ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు. ఫోన్‌లో కుదరదా అంటే, కుదురుతుంది. ఆండ్రాయిడ్‌లో టెర్మక్స్ వేసుకుంటే గిట్ నడుస్తుంది. కానీ మా మాట వినండి, ఫోన్‌ని రివ్యూ కామెంట్లు చదవడానికీ జవాబివ్వడానికీ వాడండి. ఆర్టికల్ మొత్తం ఆరంగుళాల స్క్రీన్ మీద రాయడం శిక్షే.

రాసేటప్పుడు ఒక్క అలవాటు చేసుకుంటే రివ్యూ చేసేవాళ్లు మీకు దండం పెడతారు: ప్రతి వాక్యాన్నీ కొత్త లైన్‌లో మొదలుపెట్టండి. గిట్ తేడాలను లైన్ లెక్కన చూపిస్తుంది. పేరా మొత్తం ఒకే లైన్‌లో ఉంటే, ఒక్క కామా మార్చినా పేరా అంతా మారినట్టు ఎర్రగా, పచ్చగా కనిపిస్తుంది. పైగా ఇద్దరు ఒకే పేరా ముట్టుకుంటే కాన్‌ఫ్లిక్ట్ గ్యారంటీ. మధ్యలో ఖాళీ లైన్ లేనంతవరకు మార్క్‌డౌన్ సాధారణంగా వాటన్నిటినీ ఒకే పేరాగా కలిపి చూపిస్తుంది, కాబట్టి చదివేవాళ్లకి తేడా తెలీదు.

మీ టీమ్ జెకిల్ వాడుతుంటే ఇంకోటి. ఫైల్ పేరు సంవత్సరం, నెల, తేదీతో మొదలవ్వాలి, లేకపోతే అది ఆర్టికల్ అని జెకిల్ గుర్తించదు. ఫైల్ పైన తేదీతో పాటు టైమ్ రాస్తే, ప్లస్ 0530 కూడా చేర్చండి. అది లేకుండా ఉదయం 9 గంటలు అని పెడితే, యూటీసీలో నడిచే సర్వర్ దాన్ని మన మధ్యాహ్నం 2:30గా లెక్కేస్తుంది. రాబోయే టైమ్ ఉన్న ఆర్టికల్స్‌ని జెకిల్ మామూలుగా పక్కన పెట్టేస్తుంది. మెర్జ్ అయింది, ఎర్రర్ లేదు, సైట్‌లో మాత్రం ఆర్టికల్ లేదు! 2:30 దాటినా దానంతటదే రాదు, సైట్ మళ్లీ బిల్డ్ అవ్వాల్సిందే.

ఇక అసలు జాగ్రత్త. రిపో పబ్లిక్ అయితే, మెర్జ్ కాకముందే మీ పుష్ ప్రపంచానికి కనిపిస్తుంది. స్క్రీన్‌షాట్‌లో కస్టమర్ ఫోన్ నంబర్, కోడ్ ముక్కలో ఏపీఐ కీ ఉండిపోయాయనుకోండి. తర్వాతి కమిట్‌లో తీసేస్తే ఫైల్‌లోంచి పోతాయి, హిస్టరీలో అలాగే ఉంటాయి. స్క్వాష్ మెర్జ్ చేస్తే మాయమవుతుందనీ అనుకోవద్దు, పుల్ రిక్వెస్ట్ పేజీలో పాత కమిట్లు కనిపిస్తూనే ఉంటాయి.

అందుకే కమిట్‌కి ముందు గిట్ డిఫ్ స్టేజ్‌డ్ కొట్టి ప్రతి లైన్ చదవండి. ఫొటోలు డిఫ్‌లో చదవలేం కాబట్టి ఒక్కొక్కటీ తెరిచి చూడాలి. ఫోన్‌తో తీసిన ఫొటో అయితే అందులో లొకేషన్ దాగి ఉండొచ్చు, గిట్ దాన్ని తీసేయదు. గ్యాలరీలో లొకేషన్ తొలగించి, సైజ్ తగ్గించాకే రిపోలో పెట్టండి. 100 ఎంబీ దాటిన ఫైల్‌ని గిట్‌హబ్ తీసుకోదు. చిన్న బొమ్మే కదా అని పదిసార్లు మార్చినా, పది కాపీలూ హిస్టరీలో బరువుగా కూర్చుంటాయి.

చివరి కమిట్‌లో తప్పు కనిపించి, ఇంకా పుష్ చేయకపోతే అమెండ్‌తో సరిచేయొచ్చు. పుష్ అయిపోయిందా? మొదట ఆ కీని రద్దు చేయించండి, సెక్యూరిటీ టీమ్‌కి వెంటనే చెప్పండి. హిస్టరీ శుభ్రం చేయడం ఆ తర్వాతి పని. అప్పటికే క్లోన్ చేసుకున్నవాళ్ల దగ్గర కాపీ ఉండనే ఉంటుంది. కమిట్‌లో మీ మెయిల్ ఐడీ కూడా వెళ్తుంది. పర్సనల్ మెయిల్ బయటపడటం ఇష్టం లేకపోతే, గిట్‌హబ్ సెట్టింగ్స్‌లో మెయిల్ ప్రైవేట్‌గా ఉంచే ఆప్షన్ ఆన్ చేసి, అక్కడిచ్చే నో రిప్లై అడ్రస్‌ని గిట్‌లో సెట్ చేయండి.

రివ్యూలో మార్పులు అడిగితే కొత్త పుల్ రిక్వెస్ట్ తెరవకండి. అదే బ్రాంచ్‌లో సరిచేసి పుష్ చేస్తే పాతదే అప్‌డేట్ అవుతుంది.

ఆఫీస్ రిపోలో మొదటిసారే ప్రయోగం ఎందుకు అనుకుంటే, ఎండీఎన్ వెబ్ డాక్స్ చూడండి. 2020 డిసెంబర్ నుంచి వాళ్ల కంటెంట్ గిట్‌హబ్‌లోనే ఉంది, ఇలాగే మార్క్‌డౌన్, ఇలాగే పుల్ రిక్వెస్టులు. అక్కడ మీకు నేరుగా రాసే అనుమతి ఉండదు కాబట్టి ముందు ఫోర్క్ చేసుకోవాలి. ఒక పేజీలో నిజంగా తప్పు కనిపిస్తే ఆ ఒక్కటీ సరిచేసి పంపండి.