వర్షాధార వేరుశనగలో పంటల బీమా ఫలసిద్ధి: అనంతపురం ప్రాంతంపై పరిశీలన

రైతు సహాయక పథకాల ఫలితాన్ని సాధారణంగా విడుదలైన నిధులు, లబ్ధిదారుల సంఖ్య ఆధారంగా అంచనా వేస్తారు. అనంతపురం వంటి కరవు పీఠభూమికి ఈ కొలమానం చాలదు. నష్టపోయిన రైతుకు అందిన పరిహారం ఆ నష్టంలో ఎంత భాగమన్నదే అసలు ప్రశ్న. ప్రధానమంత్రి ఫసల్ బీమా యోజనలోని హామీ దిగుబడి గణన ద్వారా దీనిని పరిశీలించవచ్చు.

నేపథ్యం

2022 ఏప్రిల్‌లో అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాలుగా విడిపోయిన పూర్వపు అనంతపురం జిల్లాలో సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మి.మీ. మాత్రమే. లోతు తక్కువ ఎర్ర నేలలు తేమను ఎక్కువ రోజులు నిలుపుకోలేవు. జూలైలో విత్తిన వేరుశనగ ఊడలు దిగే దశలోనూ, కాయలు ఊరే దశలోనూ బెట్టకు గురైతే, తరువాత కురిసే వర్షం ఆ నష్టాన్ని పూర్తిగా పూడ్చలేదు.

దేశంలో 1985లో సమగ్ర పంటల బీమా, 1999-2000 రబీలో జాతీయ వ్యవసాయ బీమా, 2016 ఖరీఫ్‌లో ఫసల్ బీమా ప్రారంభమయ్యాయి. ఆంధ్రప్రదేశ్ 2020లో ఫసల్ బీమా నుండి వైదొలగి, 2022 ఖరీఫ్‌లో తిరిగి చేరింది. ఖరీఫ్ ఆహార, నూనెగింజ పంటలకు రైతు చెల్లించే ప్రీమియం బీమా మొత్తంలో 2 శాతానికి మించదు.

గణన విధానం

గడచిన ఏడేళ్లలో మెరుగైన ఐదేళ్ల సగటు దిగుబడిని నష్టపరిహార స్థాయితో (70, 80 లేదా 90 శాతం) గుణిస్తే హామీ దిగుబడి వస్తుంది. పంట కోత ప్రయోగాల్లో తేలిన దిగుబడి అంతకంటె తగ్గితే, ఆ తగ్గుదల హామీ దిగుబడిలో ఎంత శాతమో బీమా మొత్తంలో అంత శాతం పరిహారంగా లభిస్తుంది.

ఒక ఊహాత్మక ఉదాహరణను తీసుకుందాం. ‘అ’ గ్రామంలో ఏడేళ్ల దిగుబడులు హెక్టారుకు 900, 300, 700, 200, 400, 800, 350 కిలోలు. మెరుగైన ఐదేళ్ల సగటు 630 కిలోలు. 80 శాతం స్థాయిలో హామీ దిగుబడి 504 కిలోలు. ‘ఆ’ గ్రామంలో ఇదే సగటు 1,000 కిలోలు, హామీ దిగుబడి 800 కిలోలు. ఈ ఏడాది రెండు గ్రామాల్లోనూ 400 కిలోలే పండాయనుకుందాం. బీమా మొత్తం హెక్టారుకు రూ.40,000 అయితే ‘ఆ’ గ్రామ రైతుకు రూ.20,000, ‘అ’ గ్రామ రైతుకు సుమారు రూ.8,254 అందుతాయి. ఇద్దరూ చెల్లించిన వాటా ఒక్కటే, ఇంటికి చేరిన పంటా ఒక్కటే. స్థాయిని 90 శాతానికి పెంచినా ‘అ’ గ్రామానికి దక్కేది సుమారు రూ.11,781 మాత్రమే.

చర్చ

ఇది లెక్కలో దోషం కాదు, బీమా స్వభావమే అటువంటిది. అలవాటైన దిగుబడి నుండి పడిపోయినప్పుడు బీమా ఆదుకుంటుంది. అలవాటైన దిగుబడే తక్కువగా ఉండటానికి అది మందు కాదు. తరచూ కరవు వచ్చే గ్రామంలో చెడ్డ ఏళ్లు రెండుకు మించితే మిగిలినవి సగటులో చేరి, హామీని కిందికి లాగుతాయి.

మరొక అంశం సమయం. పంట కోత ప్రయోగాలు ముగిసి, ప్రభుత్వ వాటా జమ అయిన తరువాతే పరిహారం అందుతుంది. అది తదుపరి ఖరీఫ్ విత్తనం వేళకు చేరకపోతే రైతు మళ్లీ అప్పును ఆశ్రయించవలసి వస్తుంది. ఖాతాలో పడిన మొత్తం అంతే అయినా దాని ఉపయోగం అప్పటికి తగ్గిపోతుంది.

కనుక తక్కువ సగటును పెంచే పనిని ఇతర పథకాలే చేయాలి. కీలక దశలో ఒక రక్షక తడి ఇవ్వగల సేద్యపు కుంటలు, బిందు, తుంపర సేద్యం, వేరుశనగలో కంది అంతరపంట, చిరుధాన్యాలు, పశుపోషణ ఈ కోవకు చెందినవి. రాయితీ విత్తనం వేరుశనగకే ఎక్కువగా అందితే, ఏకపంట సాగును ప్రోత్సహించినట్లవుతుందని గుర్తించాలి.

విస్తరణ శాస్త్రవేత్తలకు సూచనలు

1. మండల సమీక్షల్లో మొత్తం చెల్లింపులతోపాటు, గ్రామాలవారీగా హెక్టారు పరిహారాన్ని సాగు ఖర్చుతో పోల్చి చూపాలి.

2. హామీ దిగుబడి ఏటా తగ్గుతున్న గ్రామాలను గుర్తించి, కుంటలు, సూక్ష్మ సేద్యం కేటాయింపులో వాటికి ప్రాధాన్యం కోరాలి.

3. కౌలు రైతు సాగుచేసిన విస్తీర్ణం అతని పేరిటే ఈ-క్రాప్‌లో నమోదైందా అని సరిచూడాలి. నమోదు లేనిచోట, నష్టం కౌలుదారుదైనా పరిహారం మరొకరికి చేరే ప్రమాదముంది.

4. బీమా పరిహారం ఎలా లెక్కిస్తారో విత్తడానికి ముందే రైతులకు వివరించాలి. ఏది లభిస్తుందో, ఏది లభించదో తెలిసిన రైతు పంట ఎంపికలోనూ, పెట్టుబడిలోనూ తగిన నిర్ణయం తీసుకోగలడు.