కొలతలు నిలిపిన భవనం

పిల్లలూ, మన పుదుచ్చేరి బీచ్ రోడ్డులో మేరీ భవనం చూశారు కదా! ఫ్రెంచిలో మేరీ అంటే పురపాలక కార్యాలయం. ఆ పాత భవనం 2014 నవంబరు 29న వానలకు కూలిపోయింది. అదే రూపంలో మళ్లీ కట్టి, 2021 ఫిబ్రవరి 25న ప్రారంభించారు.

స్తంభం ఎత్తెంత? కమాను వెడల్పెంత? కిటికీలెన్ని? కూలిన గోడలు ఈ ప్రశ్నలకు జవాబు చెప్పవు. పాత పటాలు, ఫొటోలే చెప్పాలి. అందుకే నిర్మాణానికి ఇటుక, సున్నం ఎంత అవసరమో సమాచారమూ అంతే అవసరం. రెండు పటాల్లో రెండు కొలతలుండి, దేనిమీదా తేదీ లేకపోతే మేస్త్రీ ఏది నమ్మాలి?

బదిలీలతో మనమూ ఊళ్లు మారుతుంటాం. వెళ్లేలోగా మన తరగతి గదిని కొలిచి, అడుగులో మీటర్లో స్పష్టంగా రాసి, తేదీ వేసి బడిలో భద్రపరుద్దాం. మనం వెళ్లినా ఆ లెక్క తర్వాతివారికి ఉంటుంది.