నల్లని వస్త్రములు

థాయ్‌లాండు దేశమును 70 సంవత్సరములు పాలించిన భూమిబల అతుల్యతేజ మహారాజు 2016వ సంవత్సరము అక్టోబరు 13వ తేదీన బాంకాకు నగరమున కాలధర్మము నొందెను. ఆయన పేరు సంస్కృత పదములతో గూర్చినదని మీరు గ్రహించియే యుందురు.

మరునాడు భౌతికకాయమును వైద్యశాలనుండి రాజభవనమునకు గొనిపోవుచుండగా ప్రజలు బాట కిరువైపుల నేలపై కూర్చుండి చేతులు మోడ్చిరి. ఉద్యోగులు ఒక సంవత్సరము నల్లని వస్త్రములు ధరింపవలెనని ప్రభుత్వము ఆదేశించెను. తక్కినవారును అట్లే చేయబూనిరి. అంగళ్లలో నల్లబట్టలు కరవయ్యెను, వెలలు పెరిగెను. కూలి చేసి బ్రదుకువాడు ఏమి చేయును? నల్లచొక్కా లేనివానికి దుఃఖము లేదనవచ్చునా? అట్లు తోటివారిని నిందించినవారును లేకపోలేదు. అది నాకు రుచింపదు.

అంతట కొందరు వీధులలో పెద్ద కాగులు పెట్టి, నల్లరంగు కాచి, ఎవరే చొక్కా తెచ్చినను ఉచితముగా అద్ది యిచ్చిరి. అదియు కుదరనివారు ఎదపై నల్లరిబ్బను గ్రుచ్చుకొనిరి. బట్టలు లేనివారిని తప్పుపట్టవలదని ప్రభుత్వమును కోరెను.

కోటికి పైగా జనులు రాజభవనమున బారులు తీరి నమస్కరించిరి. 2017 అక్టోబరు 26వ తేదీన, మేరుపర్వతమునకు ప్రతీకగా నిర్మించిన మండపమున దహనసంస్కారము జరిగెను. ఆ మాసాంతమున ప్రజలు నల్లబట్టలు విడిచిరి.